అల్ మైకెల్స్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు: హవాయి రేడియో నుంచి గురువారం రాత్రి ఫుట్‌బాల్ దాకా

అమెరికా వచ్చిన కొత్తలో ఫుట్‌బాల్ (మన సాకర్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్) చూడటం మొదలుపెట్టినవాళ్లకి ముందు అర్థమయ్యేది ఆట కాదు, గొంతు. ఎవరు ఎవర్ని ఎందుకు తోస్తున్నారో తెలీకపోయినా, వెనకాల ఒక మనిషి తాపీగా చెప్పుకుపోతుంటే ఏదో పెద్దదే జరుగుతోందని మాత్రం తెలుస్తుంది. ఆ గొంతు చాలాసార్లు అల్ మైకెల్స్‌ది. ఆయన గురించి నన్ను అడుగుతుండే ప్రశ్నలన్నీ ఒకచోట పెడుతున్నాను. ఆట రూల్స్ అవసరమైనంత వరకే చెబుతాను, భయపడకండి.

ఎవరీయన? ఒక్క ముక్కలో చెప్పండి.

అమెరికన్ టీవీలో ఫుట్‌బాల్ ప్లే-బై-ప్లే చెప్పేవాళ్లలో అందరికంటే పేరున్న ఇద్దరు ముగ్గురిలో ఒకడు. 1944 నవంబర్ 12న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టాడు. 1986 నుంచి 2005 దాకా ఏబీసీ అనే టీవీ నెట్‌వర్క్‌లో మండే నైట్ ఫుట్‌బాల్, 2006 నుంచి 2021 సీజన్ దాకా దాని పోటీ నెట్‌వర్క్ ఎన్‌బీసీలో సండే నైట్ ఫుట్‌బాల్, 2022 నుంచి అమెజాన్ ప్రైమ్‌లో థర్స్‌డే నైట్ ఫుట్‌బాల్. అంటే వారంలో రోజు మారిందే తప్ప రాత్రి డ్యూటీ మారలేదు.

ప్లే-బై-ప్లే చెప్పేవాడికీ పక్కన కూర్చునే రెండో ఆయనకీ తేడా ఏంటి?

ప్లే-బై-ప్లే చెప్పేవాడి పని, జరుగుతున్నది జరుగుతున్నట్టు చెప్పడం. బంతి ఎవరి దగ్గరుంది, ఎన్నో డౌన్ (పది గజాలు వెళ్లడానికిచ్చే నాలుగు ప్రయత్నాల్లో ఎన్నోది), ఇంకా ఎన్ని గజాలు వెళ్లాలి, ఎవరు పట్టుకున్నారు, ఎవరు పడగొట్టారు. రెండో ఆయన్ని ఎనలిస్ట్ అంటారు, ఎక్కువగా మాజీ ఆటగాడో మాజీ కోచో అయ్యుంటాడు. అదెందుకు జరిగింది, ఎవరు తప్పు చేశారు అన్నది ఆయన చెబుతాడు.

ఒక ప్లే అయిదారు సెకన్లలో అయిపోతుంది. తరువాతి ప్లే మొదలెట్టడానికి జట్టుకి 40 సెకన్ల గడియారం నడుస్తుంది. ఆ ఖాళీలో ఎనలిస్ట్ మాట్లాడాలి, రీప్లే పడాలి, మళ్లీ బంతి కదిలే ముందు మైకు మొదటాయనకి రావాలి. మూడు గంటలు నడిచే మ్యాచ్‌లో బంతి నిజంగా ఆటలో ఉండేది సుమారు 11 నిమిషాలే. మిగతా టైమంతా చూసేవాడు లేచిపోకుండా కూర్చోబెట్టడమే అసలు ఉద్యోగం అని నా అభిప్రాయం.

మైకెల్స్ ఎప్పుడైనా ప్రొఫెషనల్‌గా ఫుట్‌బాల్ ఆడాడా?

లేదు. ఎనలిస్ట్ సీట్లో ఆడినవాళ్లుంటారు, ఈ సీట్లోకి వచ్చేవాళ్లు మాత్రం ఎక్కువగా రేడియో నుంచి వస్తారు. మన హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో కెమికల్ ఇంజనీరింగ్ చదివి, ఇండియాకి ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే క్రికెట్ కామెంటరీలో పెద్ద పేరైన హర్ష భోగ్లే ఉన్నాడు కదా, ఆ కోవే. ఆడినవాడు పక్కనే ఉంటాడు కాబట్టి, ఆడనివాడికి తెలియాల్సింది ఆ పక్కవాడి చేత ఏం మాట్లాడించాలి అన్నది.

మొదలెక్కడ?

చిన్నప్పుడు బ్రూక్లిన్‌లో డాడ్జర్స్ బేస్‌బాల్ స్టేడియం దగ్గర్లోనే ఉండేవాళ్లు. మ్యాచ్‌కి వెళ్లినప్పుడు మైదానం కంటే పైన మైకు ముందు కూర్చున్న మనిషి మీదే కన్నుండేదని ఆయనే చాలాసార్లు చెప్పాడు. రోజూ ఊరికే లోపలికి రానిచ్చి, పైగా జీతం కూడా ఇస్తారా అన్నది ఆ పిల్లాడి ఆశ్చర్యం. 1958లో డాడ్జర్స్ జట్టు బ్రూక్లిన్ వదిలేసి లాస్ ఏంజెలిస్ వెళ్లిపోయింది, అదే ఏడాది మైకెల్స్ కుటుంబం కూడా లాస్ ఏంజెలిస్ చేరింది. కావాలని ప్లాన్ చేసినా ఇంత బాగా కుదరదు. డాడ్జర్స్ వ్యాఖ్యాత విన్ స్కల్లీ గొంతు అక్కడా వదల్లేదన్నమాట, ఈయనకి గురువు లాంటివాడు ఆయనే.

అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో రేడియో, టెలివిజన్ చదివాడు. బయటికొచ్చాక మొదటి ఉద్యోగం ఆటలకి సంబంధించింది కాదు, టీవీలో అబ్బాయిలకి అమ్మాయిల్ని జత కలిపే ఒక గేమ్ షోకి మనుషుల్ని ఎంపిక చేసే పని. తరవాత 1967లో లాస్ ఏంజెలిస్ లేకర్స్ బాస్కెట్‌బాల్ రేడియోలో చిక్ హెర్న్ పక్కన కూర్చునే ఛాన్స్ దొరికింది, కొన్ని మ్యాచ్‌లకే తీసేశారు. హెర్న్ ఎంత పెద్దవాడంటే పక్కవాడికి నోరు తెరిచే సందు ఉండేది కాదు. కొత్త కుర్రాడికి అదొక పెద్ద దెబ్బే.

అక్కణ్నుంచి హవాయి ఎందుకు? అది సముద్రం మధ్యలో కదా!

అందుకే. 1968లో హానొలూలూ వెళ్లాడు. హవాయి ఐలాండర్స్ అని ఒక మైనర్ లీగ్ బేస్‌బాల్ జట్టు, యూనివర్సిటీ ఆఫ్ హవాయి ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, అన్నీ ఒక్కడే చెప్పేవాడు. పెద్ద ఊళ్లో అయితే పాతికేళ్లు నిండని వాడికి ఇన్ని మ్యాచ్‌లు ఎవరిస్తారు? ఈ మధ్యలో అక్కడే షూటింగ్ జరిగే ఒక పోలీసు సీరియల్లో లాయరు వేషం కూడా వేశాడు.

నన్నడిగితే ఈ కెరీర్‌లో జనం పట్టించుకోని, పట్టించుకోవాల్సిన భాగం ఇదే. ఎవరూ చూడని చోట చేసిన పని తరువాత ఎక్కడో అక్కరకి రావడం మైకెల్స్ విషయంలో పదే పదే జరుగుతుంది, కింద చూస్తారు.

సిన్సినాటి వెళ్లాక?

1971లో సిన్సినాటి రెడ్స్ బేస్‌బాల్ జట్టు రేడియోకి ఎంపికయ్యాడు, అప్పటికి 26 ఏళ్లు. జానీ బెంచ్, పీట్ రోజ్ ఆడుతున్న జట్టది. 1972లో రెడ్స్ వరల్డ్ సిరీస్‌కి, అంటే బేస్‌బాల్ ఫైనల్స్‌కి వెళ్లడంతో, ఆ రోజుల్లో స్థానిక వ్యాఖ్యాతకి నెట్‌వర్క్ ప్రసారంలో చోటిచ్చే పద్ధతి ఉండటంతో, 27 ఏళ్లకే ఎన్‌బీసీలో వరల్డ్ సిరీస్ చెప్పేశాడు.

అదే ఏడాది జపాన్‌లోని సపోరో వింటర్ ఒలింపిక్స్‌కి ఎన్‌బీసీ తీసుకెళ్లింది. అక్కడ సోవియట్ యూనియన్‌కీ చెకోస్లొవాకియాకీ మధ్య ఒక ఐస్ హాకీ మ్యాచ్ చెప్పాడు. ఒక్కటంటే ఒక్కటే. ఈ ఒక్క మ్యాచ్ సంగతి గుర్తుపెట్టుకోండి.

1974లో శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్‌కి మారాడు. ఇదీ గుర్తుపెట్టుకోండి. 1976లో ఏబీసీలో పార్ట్‌టైమ్, 1977 నుంచి ఫుల్‌టైమ్.

"డూ యు బిలీవ్ ఇన్ మిరకిల్స్?" అన్నది ఈయనేనా? అది ఫుట్‌బాల్ కాదు కదా?

ఈయనే. ఫుట్‌బాల్ కాదు, ఐస్ హాకీ. 1980 ఫిబ్రవరి 22, న్యూయార్క్ రాష్ట్రంలోని లేక్ ప్లాసిడ్ అనే చిన్న ఊళ్లో వింటర్ ఒలింపిక్స్. ఏబీసీలో అప్పటికి పెద్ద పెద్ద పేర్లున్నాయి: జిమ్ మెక్‌కే, కీత్ జాక్సన్, ఫ్రాంక్ గిఫర్డ్, హోవార్డ్ కోసెల్. వాళ్లలో హాకీ చెప్పినవాడు ఒక్కడూ లేడు. మైకెల్స్ ఒక మ్యాచ్ చెప్పాడు, సపోరోలో. అంతే, పని ఆయనకి పడింది.

ఎదురుగా సోవియట్ జట్టు. 1964 నుంచి వరసగా నాలుగు ఒలింపిక్ స్వర్ణాలు. అమెరికా జట్టులో కాలేజీ కుర్రాళ్లు. ఒలింపిక్స్ మొదలవడానికి కొద్ది రోజుల ముందు, ఫిబ్రవరి 9న, న్యూయార్క్‌లో ఇవే రెండు జట్లు ఆడితే సోవియట్లు 10–3తో చితక్కొట్టారు. కాబట్టి ఓడిపోతామనే అందరూ అనుకున్నారు. ఆఖరి పీరియడ్‌లో సరిగ్గా 10 నిమిషాలుండగా మైక్ ఎరుజియోని గోల్ కొట్టి 4–3 చేశాడు. ఆ 10 నిమిషాలు వాళ్లు దాడి చేస్తూనే ఉన్నారు, వీళ్లు ఆపుతూనే ఉన్నారు. ఇండియా–పాకిస్తాన్ ఆఖరి ఓవర్ టెన్షన్ 10 నిమిషాలు సాగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

చివరి సెకన్లలో మైకెల్స్ ఏం చేశాడో వినండి, కుదిరితే రెండుసార్లు వినండి. 11 సెకన్లు, 10 సెకన్లు అని లెక్క చెబుతాడు. బంతి, కాదు, పక్ అమెరికా ఆటగాళ్లు మారో నుంచి సిల్క్‌కి వెళ్లిందని చెబుతాడు, అంటే ఆ హడావిడిలో కూడా పని మానలేదు. 5 సెకన్లు అంటాడు. అప్పుడు ఆ ప్రశ్న, గంట మోగగానే "యెస్!" అని తనే జవాబు. తరువాత? ఏమీ లేదు. నోరు మూసుకున్నాడు. కుర్రాళ్లు కుప్పలా పడి కౌగిలించుకుంటుంటే, జనం గోలే టీవీలో వినిపించింది. ఆ మాట ముందే రాసుకుని పెట్టుకున్నది కాదని, ఆట చూస్తుంటే ఆ పదం మనసులో పడి అలా బయటికొచ్చిందని ఆయన చెబుతూ వచ్చాడు. ముందే రాసుకుంటే ఆ తరవాత ఇంకో నాలుగు వాక్యాలు కూడా రాసుకుని ఉండేవాడు, అందుకే నేను నమ్ముతాను.

అది లైవ్‌లో వచ్చిందా?

అమెరికాలో రాలేదు. మ్యాచ్ సాయంత్రం 5 గంటలకి మొదలైంది, ఏబీసీ రాత్రి ప్రైమ్‌టైమ్‌లో రికార్డింగ్ వేసింది. కామెంటరీ మాత్రం మ్యాచ్ జరుగుతుండగా చెప్పిందే. ఇంకో సంగతి, స్వర్ణం ఆ రాత్రి రాలేదు. రెండు రోజుల తరువాత ఫిన్లాండ్‌ని 4–2తో ఓడిస్తే వచ్చింది. ఆ మ్యాచ్‌కీ కామెంటరీ ఈయనదే, కానీ దాని గురించి ఎవరూ అడగరు.

మండే నైట్ ఫుట్‌బాల్ అంత పెద్ద విషయం ఎందుకైంది?

1970లో ఏబీసీలో రూన్ ఆర్లెడ్జ్ అనే ఆయన పట్టుబట్టి పెట్టిన షో అది. అప్పటిదాకా ఫుట్‌బాల్ అంటే ఆదివారం మధ్యాహ్నం వ్యవహారం. దాన్ని సోమవారం రాత్రి, ఇంటిల్లిపాదీ టీవీ ముందుండే టైములో, సినిమా లెవెల్లో కెమెరాలు పెట్టి చూపించారు. కోసెల్, డాన్ మెరిడిత్, గిఫర్డ్ లాంటివాళ్లు ఆటగాళ్లతో సమానంగా స్టార్లయ్యారు.

1986లో ప్లే-బై-ప్లే సీటు మైకెల్స్‌కి ఇచ్చి, అంతవరకూ ఆ పని చేసిన గిఫర్డ్‌ని ఎనలిస్ట్‌గా మార్చారు. ఒక సీనియర్ సీట్లో కూర్చుని ఆ సీనియర్‌నే పక్కన పెట్టుకుని ఏళ్ల తరబడి పనిచెయ్యడం ఏ ఆఫీసులో అయినా ఎలా ఉంటుందో మీకు తెలుసు. 1987లో డాన్ డియర్‌డార్ఫ్ చేరాడు, ఆ ముగ్గురూ 1990ల చివరిదాకా నడిపారు. మొత్తం 20 సీజన్లు మైకెల్స్ ఆ సీట్లో ఉన్నాడు, ఏబీసీ ఆ షో వదిలేసేదాకా.

మధ్యలో ఒక కమెడియన్‌ని కూర్చోబెట్టారట?

అవును, 2000లో డెనిస్ మిల్లర్. ఫుట్‌బాల్‌తో సంబంధం లేని స్టాండప్ కమెడియన్. చరిత్ర, సాహిత్యం, రాజకీయం కలిపి జోకులేసేవాడు, మూడో డౌన్ మీదున్న జనానికి అవి ఎక్కలేదు. రెండు సీజన్లకి అయిపోయింది. మైకెల్స్ మాత్రం ఆయన్ని ఎక్కడా చిన్నబుచ్చకుండా నెట్టుకొచ్చాడు.

భూకంపం కథ ఏంటి?

1989 అక్టోబర్ 17. శాన్ ఫ్రాన్సిస్కోలోని క్యాండిల్‌స్టిక్ పార్క్‌లో వరల్డ్ సిరీస్ మూడో మ్యాచ్ మొదలవ్వాలి, ఆడేది బే ఏరియాకి అటూ ఇటూ ఉన్న రెండు జట్లు, జెయింట్స్, ఓక్లండ్ అథ్లెటిక్స్. సాయంత్రం 5:04కి, ఏబీసీ ప్రసారం మొదలై నిమిషాలే అయింది, పాత మ్యాచ్ హైలైట్స్ వేస్తున్నారు. బొమ్మ వణికింది. "మనకిక్కడ భూకం..." అని మైకెల్స్ అంటుండగా మాట సగంలో తెగిపోయింది, టీవీలో బొమ్మ పోయింది.

కాసేపటికి ఫోన్ లైన్ మీద ఆడియో మాత్రం వచ్చింది. ఆయన మొదటి మాట: టెలివిజన్ చరిత్రలో ఇంతకంటే గొప్ప ఓపెనింగ్ లేదు ఫోక్స్! అప్పటికి ఎంత నష్టం జరిగిందో ఎవరికీ తెలీదు, స్టేడియంలో జనం కూడా కేకలేసి నవ్వుకున్నారు. తరువాత తెలిసింది. 6.9 తీవ్రత, 63 మంది చనిపోయారు, బే బ్రిడ్జ్ పై అంతస్తులో ఒక ముక్క కూలింది, ఓక్లండ్‌లో రెండంతస్తుల సైప్రెస్ ఫ్రీవే కూలి అక్కడే 42 మంది పోయారు. ఇవాళ ఫ్రీమాంట్‌లోనో సన్నీవేల్‌లోనో ఉన్న మన తెలుగువాళ్లు ఆఫీసులకి తిరిగే చోట్లే ఇవి. మ్యాచ్ కోసం చాలామంది త్వరగా ఇంటికి పోవడం వల్ల ఆ టైముకి రోడ్లు ఖాళీగా ఉన్నాయని, లేకపోతే ఇంకా ఎక్కువమంది పోయేవాళ్లని అంటారు.

ఇప్పుడు జెయింట్స్ సంగతి. ఆ జట్టుకి పనిచేసినప్పుడు మైకెల్స్ ఆ చుట్టుపక్కలే ఉన్నాడు. స్టేడియం మీద తిరుగుతున్న బ్లింప్ (గాలి ఓడ) కెమెరా ఊరి మీదకి వెళ్లి, కూలినవీ కాలుతున్నవీ చూపిస్తుంటే, బయట ప్రసారం ట్రక్కు దగ్గర్నుంచి వాషింగ్టన్‌లో ఉన్న ఏబీసీ న్యూస్ యాంకర్ టెడ్ కాపెల్‌కి ఇది ఫలానా పేట, ఇది ఫలానా రోడ్డు అని గుర్తుపట్టి చెప్పగలిగాడు. న్యూస్ విలేఖరిని విమానంలో దింపినా చెప్పలేని సంగతులవి. ఆ పనికి ఆయనకి న్యూస్ విభాగంలో ఎమ్మీ (టీవీ అవార్డు) నామినేషన్ వచ్చింది. సిరీస్ పది రోజులు ఆగి మళ్లీ మొదలైంది, ఓక్లండ్ వరసగా నాలుగూ గెలిచేసింది.

వార్తల్లో ఇంకెప్పుడైనా దూరాడా?

1994 జూన్ 17న హత్య కేసులో మాజీ ఫుట్‌బాల్ స్టార్ ఓ.జే. సింప్సన్ కారుని పోలీసులు వెంటాడిన రాత్రి. సింప్సన్ పరిచయస్తుడు, ఒకప్పటి ఏబీసీ మనిషి కాబట్టి మైకెల్స్ ఏబీసీ న్యూస్ ప్రసారంలో ఉన్నాడు. ఎవడో పక్కింటివాణ్నని చెప్పి లైవ్‌లోకి ఫోన్ చేసి యాంకర్ పీటర్ జెనింగ్స్‌ని బోల్తా కొట్టించాడు. అది ఆకతాయి కాల్ అని వెంటనే కనిపెట్టి మర్యాదగా చెప్పింది మైకెల్సే.

ఒక కార్టూన్ కుందేలుకి ఈయన్ని మార్చుకున్నారట. జోకా?

జోకు కాదు. 2006 ఫిబ్రవరిలో నిజంగా జరిగింది. మండే నైట్ ఫుట్‌బాల్ ఏబీసీ నుంచి, అదే డిస్నీ కంపెనీకి చెందిన ఈఎస్‌పీఎన్‌కి మారుతోంది. మైకెల్స్ కూడా అక్కడికే వెళ్తానని ముందు ఒప్పుకున్నాడు. ఈలోగా ఆయన పార్టనర్ జాన్ మాడెన్ ఎన్‌బీసీ ఆదివారం షోకి వెళ్లిపోయాడు. నేనూ అటే పోతానని ఈయన అడిగాడు. కాంట్రాక్టు ఉంది, ఊరికే వదలరు కదా.

ఎన్‌బీసీకీ యూనివర్సల్ స్టూడియోకీ యజమాని ఒకరే. ఆ యూనివర్సల్ దగ్గర ఆస్వాల్డ్ ద లక్కీ రాబిట్ అనే కుందేలు హక్కులున్నాయి. 1927లో వాల్ట్ డిస్నీ యూనివర్సల్ కోసం గీసిన పాత్ర అది. మరుసటి ఏడాది డబ్బు దగ్గర గొడవొచ్చి డిస్నీ బయటికొచ్చేశాడు, కుందేలు వాళ్ల దగ్గరే ఉండిపోయింది, దాని బదులు పుట్టిందే మిక్కీ మౌస్. దాదాపు ఎనభై ఏళ్ల తరవాత డిస్నీ అధిపతి బాబ్ ఐగర్ ఆ కుందేల్ని ఇంటికి తెచ్చుకోవాలనుకున్నాడు. గోల్ఫ్‌లో రైడర్ కప్ శుక్రవారం ప్రసారాలు, ఒలింపిక్స్ హైలైట్స్ లాంటివి కూడా బేరంలో కలిపి, మైకెల్స్‌ని ఎన్‌బీసీకి ఇచ్చారు. ఎప్పుడో ఒకప్పుడు క్విజ్‌లో జవాబునైపోతానని ఆయనే నవ్వాడు, అయ్యాడు కూడా.

ఇంతకీ మాడెన్ ఎవరు? వీడియో గేమ్ పేరు కదా?

ఆ గేమ్ మీద ఉన్న పేరు ఆయనదే. ఓక్లండ్ రైడర్స్ కోచ్‌గా సూపర్ బౌల్ (ఫుట్‌బాల్ సీజన్ ఫైనల్) గెలిచాడు. విమానం ఎక్కేవాడు కాదు, అమెరికా ఈ చివర్నుంచి ఆ చివరికి బస్సులోనే. టీవీ స్క్రీన్ మీద పసుపు గీతలు గీసి ఎవడు ఎవణ్ని గుద్దాడో పిల్లాడిలా సంబరపడి చెప్పేవాడు. 2002 నుంచి 2008 సీజన్ దాకా ఏడేళ్లు వీళ్లిద్దరూ కలిసి చెప్పారు. మాడెన్ లావుగా, గట్టిగా, అడ్డదిడ్డంగా మాట్లాడితే మైకెల్స్ సన్నగా, నీటుగా సర్దేవాడు. నా లెక్కలో మైకెల్స్‌కి దొరికిన జోడీల్లో ఇదే బెస్ట్. తరువాత క్రిస్ కాలిన్స్‌వర్త్‌తో 13 సీజన్లు. షో మొదట్లో ఫ్రేములోకి పక్కనుంచి జారుకుంటూ వచ్చే కాలిన్స్‌వర్త్ ఎంట్రీ మీద ఇంటర్నెట్లో బోలెడు మీమ్స్ ఉన్నాయి.

హెల్మెట్ వేసుకుని అందరూ ఒకేలా ఉంటారు. పేర్లు అంత స్పీడుగా ఎలా చెబుతాడు?

నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఇది.

ఒక్కో జట్టుకి 53 మంది లిస్టు, మైదానంలో ఒకేసారి 22 మంది. వ్యాఖ్యాత ముందు ఒక అట్ట ఉంటుంది, స్పాటింగ్ బోర్డు అంటారు. ఆటగాళ్లు మైదానంలో ఎక్కడ నిలబడతారో ఆ వరసలోనే గళ్లు గీసి, ఒక్కో గడిలో జెర్సీ నంబరు, పేరు, చదివిన కాలేజీ, రెండు మూడు ముక్కల సమాచారం ఉంటాయి. పక్కన స్పాటర్ అని ఒక మనిషి బైనాక్యులర్స్‌తో కూర్చుని, ఎవరు పట్టుకున్నారో ఎవరు పడగొట్టారో చూసి బోర్డు మీద వేలు పెట్టి చూపిస్తాడు. ఇంకో పక్క లెక్కల మనిషి చీటీలు అందిస్తుంటాడు. చెవిలో ప్రొడ్యూసర్ మాట్లాడుతూనే ఉంటాడు: ఇంకో పది సెకన్లలో యాడ్, ఇప్పుడు రీప్లే అని. దగ్గొస్తే మైకు కట్ చేసుకోవడానికి ఒక బటన్. ఇన్నిటి మధ్య వాక్యం తడబడకూడదు. మ్యాచ్ ముందు రెండు జట్ల కోచ్‌లతో, క్వార్టర్‌బ్యాక్‌లతో (దాడిని నడిపించే ఆటగాళ్లతో) కూర్చుని మాట్లాడటం కూడా వీళ్ల పనిలో భాగమే.

ఇదంతా ఒక్క క్షణం కోసం. 2015 ఫిబ్రవరి 1, అరిజోనాలో 49వ సూపర్ బౌల్. న్యూ ఇంగ్లండ్ 28, సియాటిల్ 24. సియాటిల్ జట్టు టచ్‌డౌన్ గీతకి ఒక గజం దూరంలో ఉంది, అర నిమిషం కూడా లేదు. మార్షాన్ లించ్ లాంటి ఎద్దు బలమున్నవాడు ఉన్నాడు, వాడి చేతికే ఇస్తారని దేశమంతా అనుకుంటోంది. పాస్ వేశారు. ఎవడో మధ్యలో దూరి లాక్కున్నాడు. ఎవడు? డ్రాఫ్ట్‌లో, అంటే కాలేజీ ఆటగాళ్లని జట్లు ఎంచుకునేటప్పుడు, ఏ జట్టూ తీసుకోని, మొదటి సీజన్ ఆడుతున్న, ఆ రోజు మొదట్లో మైదానంలోకే దిగని కుర్రాడు. గోల్ లైన్ దగ్గర మాల్కం బట్లర్ పట్టేశాడని మైకెల్స్ ఆ వాక్యంలోనే చెప్పేశాడు. సుమారు 11 కోట్ల మంది అమెరికన్లు చూస్తున్న ప్రసారంలో "ఎవరో పట్టుకున్నారు" అన్నా ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. ఆయన అలా అనలేదు, ఆ అట్ట మీద ఆఖరి గడి దాకా చదువుకునే వచ్చాడు.

మొత్తం ఎన్ని సూపర్ బౌల్స్?

11. ప్లే-బై-ప్లే లెక్కలో ఇది పాత వ్యాఖ్యాత పాట్ సమరాల్‌తో సమానం. మొదటిది 1988 జనవరిలో, ఆఖరిది 2022 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలిస్‌లో, రామ్స్ 23, సిన్సినాటి 20. 1991లో బఫలో కిక్కర్ స్కాట్ నోర్‌వుడ్ కొట్టిన ఆఖరి కిక్ కుడివైపుకి పోయిన మ్యాచ్, 2000లో టెనెసీ ఆటగాడు గీతకి ఒక గజం ముందు ఆగిపోయిన మ్యాచ్, ఇవన్నీ ఈయన చెప్పినవే. వరల్డ్ సిరీస్, ఎన్‌బీఏ ఫైనల్స్ కూడా చెప్పాడు.

బెట్టింగ్ గురించి సైగలు చేస్తాడంటారు, నిజమా?

నిజమే, చాలా సరదాగా చేస్తాడు. 2018లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చేదాకా అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఆటల మీద పందెం నేరం, ప్రసారంలో ఆ ఊసే ఎత్తకూడదని లీగ్ పట్టుదల. మైకెల్స్ ఎత్తేవాడు కాదు, పక్కనుంచి పోయేవాడు. గెలుపోటములు ఎప్పుడో తేలిపోయిన మ్యాచ్‌లో ఆఖర్న ఎవరైనా పనికిరాని మూడు పాయింట్లు కొడితే, ఈ పాయింట్లు కొంతమందికి చాలా ముఖ్యమండోయ్ అన్నట్టు ఒక మాట వదిలేవాడు. ఎన్ని పాయింట్ల తేడా అన్నదాని మీద పందెం కాసినవాడికి అర్థమైపోతుంది, కాయనివాడికి ఏమీ తెలీదు. ఇప్పుడు ప్రసారం నిండా బెట్టింగ్ యాడ్సే, దొంగచాటు సరదా పోయింది.

ఈ మధ్య ఉత్సాహం తగ్గిందని తిడుతున్నారు కదా?

తిడుతున్నారు. 2023 జనవరిలో జాక్సన్‌విల్ 27–0తో వెనకబడి చివరికి 31–30తో గెలిచింది. ఎన్‌బీసీ కోసం మైకెల్స్, ఎనలిస్ట్ టోనీ డంజీ చెప్పారు. అంత పెద్ద మలుపుని పేపర్ చదివినట్టు చెప్పారని సోషల్ మీడియా ఏకిపారేసింది. అరవడం తన పద్ధతి కాదని మైకెల్స్ సమాధానం. నేను ఆయన అభిమానినే, అయినా ఆ రాత్రి విషయంలో తిట్టినవాళ్లదే సగం న్యాయం. తగ్గి మాట్లాడటం వేరు, తగ్గిపోవడం వేరు. లేక్ ప్లాసిడ్‌లో ఆయన మౌనానికి ముందు గొంతు పగిలేంత "యెస్" ఉంది, జాక్సన్‌విల్‌లో అది లేదు. అదే ఏడాది డిసెంబర్లో, రాబోయే ప్లేఆఫ్స్‌లో ఎన్‌బీసీ ఆయన్ని వాడుకోవట్లేదని వార్త వచ్చింది.

ఎన్‌బీసీ నుంచి అమెజాన్‌కి ఎందుకు వెళ్లాడు?

సండే నైట్ సీటుకి తన ఇంకో వ్యాఖ్యాత మైక్ టిరికోని ఎన్‌బీసీ ముందునుంచే సిద్ధం చేసుకుంటోంది. 2022లో గురువారం మ్యాచ్‌లు అమెజాన్ తీసుకుంది, కొత్తగా మొదలెట్టేవాళ్లకి జనం ఎరిగిన గొంతు కావాలి. కాలేజీ ఫుట్‌బాల్ నుంచి వచ్చిన కిర్క్ హెర్బ్‌స్ట్రీట్‌ని పక్కన కూర్చోబెట్టారు.

మొదటి సీజన్లో గురువారాలు ఘోరమైన మ్యాచ్‌లు పడ్డాయి. ఇండియానాపొలిస్, డెన్వర్ మ్యాచ్ ఒక్క టచ్‌డౌన్ లేకుండా ఓవర్‌టైమ్‌కి పోయి 12–9తో ముగిసింది. మైకెల్స్ ఆ విసుగు దాచుకోలేదు. తరవాత విలేఖరులు అడిగితే, 20 ఏళ్ల పాత కారుని నన్ను అమ్మిపెట్టమంటారా అన్నాడు. చూసేవాడికి కనిపిస్తున్నదాన్ని కాదనడం ఆయనకి చేతకాదు.

2024 ఒలింపిక్స్‌లో ఏఐ గొంతు ఆయనదేనా?

ఆయనదే, కానీ ఆయన మాట్లాడలేదు. పారిస్ ఒలింపిక్స్‌కి ఎన్‌బీసీ వాళ్ల పీకాక్ యాప్‌లో, ఒక్కో ప్రేక్షకుడికి వాళ్లకిష్టమైన ఆటలతో రోజువారీ రీక్యాప్ ఇచ్చారు, దానికి ఏఐతో తయారుచేసిన మైకెల్స్ గొంతు వాడారు. ఆయన అనుమతితోనే. తన గొంతు తనే విని, ఆశ్చర్యంగానూ ఉంది, కాస్త భయంగానూ ఉంది అన్నట్టు చెప్పాడు. ఆ గొంతు పేర్లు తప్పులేకుండా చదువుతుంది. ఎక్కడ ఆపాలో దానికి ఎవరు నేర్పాలో మరి.

అవార్డులు?

ప్రొ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఇచ్చే పీట్ రోజెల్ అవార్డు 2013లో, బేస్‌బాల్ వాళ్ల ఫోర్డ్ ఫ్రిక్ అవార్డు 2021లో. హాలీవుడ్ వాక్ ఆఫ్ ఫేమ్ మీద నక్షత్రం కూడా ఉంది.

జీవితంలో కూరగాయ తినలేదట?

తెలిసి ఒక్కటీ తినలేదని ఆయనే అంటాడు. మన ఇళ్లలో అయితే సాగేది కాదు.

ఇంకా చెబుతున్నాడా? ఎక్కడ మొదలుపెట్టమంటారు?

2025 సీజన్లోనూ చెప్పాడు, ఆ నవంబర్లో 81 నిండాయి. పాతవి చూడాలంటే ముందు లేక్ ప్లాసిడ్ ఆఖరి నిమిషం, తరవాత క్యాండిల్‌స్టిక్ ప్రసారం మొదటి పది నిమిషాలు, ఆ తరవాత 49వ సూపర్ బౌల్ నాలుగో క్వార్టర్ మొత్తం. హైలైట్స్ కాకుండా పూర్తి క్వార్టరే చూడండి, ఏ ప్లే దగ్గర మాట్లాడాడో ఏ ప్లే దగ్గర ఊరుకున్నాడో అప్పుడే తెలుస్తుంది. అమెరికాలో ఉన్నవాళ్లకి సరుకులు తొందరగా రావాలని కట్టిన ప్రైమ్ ఉంటే చాలు, సీజన్ నడిచే రోజుల్లో గురువారం రాత్రి ఈస్టర్న్ టైం 8:15కి కిక్‌ఆఫ్.